రెండు జొన్నగింజలు

పచ్చి పెట్రోలు వాసన తగిలితే నాకు ఇప్పటికీ చెంపలు మండుతాయి. మొన్న ఆదివారం పొద్దున రేకుల షెడ్డులోంచి బాపు, అంటే మా నాన్న, కొన్న కారును బయటికి తీద్దామని తాళంచెవి తిప్పాను. ఇంజను రెండుసార్లు దగ్గి అంటుకుంది. వెనక గొట్టంలోంచి నల్లటి పొగ, దాని వెంట కాలీకాలని పెట్రోలు వాసన వచ్చి వాకిలంతా నిండిపోయాయి. స్టీరింగు వెనక, ఇంజను బొమ్మ ఉన్న పసుపు దీపం వెలిగి ఆరకుండా నిలబడింది. ఏడాదికి నాలుగైదుసార్లు తప్ప రోడ్డెక్కని కారు అది. ఒకప్పుడు తెల్లగా ఉండేది, ఇప్పుడు ముసలివాళ్ళ పళ్ళ రంగుకు దిగింది. అమ్మెయ్యమని ఇంట్లో అందరూ అంటారు. ఎందుకు అమ్మనో వాళ్ళకు నేను ఎన్నడూ చెప్పలేదు. ఇవాళ చెప్పడానికే కూర్చున్నాను.

మా బడిలో తోటి మాస్టారు ఒకాయన ఫోనుకు కలిపే చిన్న డబ్బీ తెచ్చాడు. కారులో తగిలిస్తే రోగం పేరు ఫోనులో పడుతుందన్నాడు. తగిలించడానికి ఇందులో చోటే లేదు. ఈ కారు ఆ డబ్బీ కంటే ముందటి కాలానిది. దీన్ని ఏమైందని అడగాలంటే ఒక జడపిన్ను కావాలి, రెండు రకాల గింజలు కావాలి, ఇద్దరు మనుషులు కావాలి. పిన్ను పట్టుకునేవాళ్ళకు దీపం కనబడదు. అందుకని దీపం చూసేవాడు నిజం చెప్పేవాడై ఉండాలి. మా ఇంట్లో ఆ చూసేవాణ్ణి నేను.

చిన్నతనం గురించి రాసేవాళ్ళు తియ్యగా రాస్తారు. నాకూ ఆ తీపి తెలియక కాదు. మా ఇల్లు జహీరాబాదు మార్కెట్ యార్డుకు పోయే తోవలో ఉండేది. చలికాలం పొద్దున్నే అల్లం బస్తాలు దిగితే, ఎర్రమట్టి అంటిన ఆ పచ్చి అల్లం ఘాటు మంచులో కలిసి మా పక్కబట్టల దాకా వచ్చేది. చెరుకు లారీలు మూలమలుపు దగ్గర నెమ్మదించగానే మేము వెనక వేలాడి గడలు గుంజేవాళ్ళం. కోహీర్ నుంచి గంపల్లో వచ్చే జామకాయలను అరిటాకు పరిచి పోసేవారు, వాటిలో చిలక కొరికిన కాయ కోసం తన్నుకునేవాళ్ళం. చిర్రగోనె, అదే బిళ్ళంగోడు, ఆడి ఆడి అరచేతులు కాయలు కాసేవి. ఇంట్లో అవ్వ, అంటే మా నాయనమ్మ, పేడతో అలికిన గుమ్మిలలో విత్తనాలు దాచి, పైన వేపాకు, బూడిద పోసి మూతపెట్టేది. ఎర్రకంది ఒక గుమ్మి, తెల్లజొన్న ఒక గుమ్మి, అనుములు, సామలు, కుసుమలు. ఆమె చీర కొంగుకు ఎప్పుడూ ఒక గింజల మూట ఉండేది, పక్కింటామె రూపాయలు ముడేసుకున్నట్టు. ఇవన్నీ గుర్తున్నాయి. కానీ ఇవి గుర్తొచ్చినప్పుడల్లా వీటి మధ్యలోంచి ఒక చెయ్యి బయటికొస్తుంది. మూసిన పిడికిలి. పదకొండేళ్ళ నా చెయ్యి. ఆ చేతిని పట్టుకుని విరవాలన్నంత కోపం వస్తుంది నాకు.

కారు వచ్చిన ఏడే మా మేనత్త కమలత్త కూడా వచ్చింది. కారును బాపు బీదర్‌లో ఒకాయన దగ్గర సెకండ్‌హ్యాండుకు కొన్నాడు. అత్త బీదర్ అవతలి అత్తగారింటి నుంచి ఒక ఇనప సందుగతో బస్సు దిగింది. కారు వచ్చినప్పుడు కొబ్బరికాయ కొట్టారు. అత్త వచ్చినప్పుడు తలుపు తీశారు, అంతే. ఎందుకొచ్చిందని ఆమెను ఎవరూ నేరుగా అడగలేదు. మోచేతి పైన ఉన్న కాలిన మచ్చను కప్పడానికి ఆమె ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల రైక వేసుకునేది. మేమూ చూడనట్టే ఉండేవాళ్ళం. చూడనట్టు ఉండడం మా ఇంటి విద్య. నేను దాన్ని అక్కడే నేర్చుకున్నాను.

కారు వచ్చిన నెలకు పసుపు దీపం వెలిగింది. బాపు దాన్ని మా వాడకట్టు ఖాజా మిస్త్రీ దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన జీపులు, మోటారు పంపులు బాగుచేసే మనిషి. చెయ్యి పెడితే పాత ఇంజను పిల్లిలాగా లొంగేది. కానీ కంప్యూటరు ఉన్న కారు ఆయనకు కొత్త. బానెట్ ఎత్తి, ఒక నిమిషం చూసి, మూసేశాడు.

"ఇంజన్ల ఏం లేదు పటేలా. గా దీపమొక్కటే ఫాల్తుగ మండుతున్నది. వైరు కోసేస్త, ఫికర్ ఖతం."

"కంట్లె నలుసు పడ్డదని కన్ను పీకుతరా మిస్త్రీ?" అంది గేటు దగ్గర నిలబడ్డ అత్త.

ఖాజా మిస్త్రీ పెద్దగా నవ్వాడు. బాపు నవ్వలేదు. మగవాళ్ళు బండి దగ్గర మాట్లాడుకుంటుంటే ఆడది మాట కలిపిందన్న సంగతి ఆయన ముఖంలో అప్పుడే కనబడింది.

కారు అమ్మినాయన కాగితాలతో పాటు ఒక జిరాక్సు ప్రతి ఇచ్చాడు. ఇంగ్లీషులో ఉందని బాపు దాన్ని డబ్బాలో పడేశాడు. అత్త పదో తరగతి చదివింది, అదీ తెలుగు బడిలో, ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కునేది. నా బడి నిఘంటువు పక్కన పెట్టుకుని ఆ ఒక్క కాగితాన్ని వారం రోజులు చదివింది. స్టీరింగు కింద, మోకాలు తగిలే చోట, ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క, దానికి వరసగా రంధ్రాలు. వాటిలో ఫలానా రెండింటిని తీగతో కలిపి, ఇంజను స్టార్టు చేయకుండా తాళంచెవి సగం తిప్పితే, పసుపు దీపం కొట్టుకోవడం మొదలుపెడుతుంది. ముందు కొన్ని మెరుపులు, ఒక చిన్న విరామం, మళ్ళీ కొన్ని మెరుపులు. మొదటివి పదుల స్థానం, తరవాతివి ఒకట్ల స్థానం. ఆ అంకెకు ఎదురుగా కాగితంలో రోగం పేరు ఉంటుంది. ఒకటి, తరవాత రెండు, అంటే పన్నెండు వస్తే ఏ రోగమూ లేనట్టు. ప్రతి అంకెనూ దీపం మూడుసార్లు చెబుతుంది.

తీగ బదులు అత్త తన జడపిన్ను వాడింది. రంధ్రాలు వదులై ఉండేవి, పిన్ను పెట్టి వదిలేస్తే ఆనేది కాదు. అందుకని ఆమె డ్రైవరు సీటు మీద అడ్డంగా పడుకుని, తల స్టీరింగు కింద దూర్చి, కాళ్ళు బయట వేలాడేసి పిన్నును అదిమి పట్టుకునేది. నేను పక్క సీట్లో మోకాళ్ళ మీద కూర్చుని, ఎండ పడకుండా దీపానికి రెండు చేతులూ గొడుగు పట్టి చూసేవాణ్ణి. మెరుపులు ఎన్నో మరిచిపోకుండా అవ్వ ఒక ఉపాయం చెప్పింది. పదుల మెరుపుకు ఒక కందిగింజ, ఒకట్ల మెరుపుకు ఒక జొన్నగింజ, ఒళ్ళో పళ్ళెంలో పెట్టమంది. అచ్చు విత్తనాలు కొలిచినట్టే. వేలి మీద లెక్క తప్పుతుంది, గింజ మీద తప్పదనేది ఆమె.

"ఏమొచ్చింది అల్లుడా?" అని కింది నుంచి అత్త గొంతు.

"ఒక కంది, రెండు జొన్నలు."

"మళ్ల చూడు."

"ఒక కంది, రెండు జొన్నలు."

"ఇంకోపారి. మూడుపార్ల ఒక్కతీరు వస్తెనే నమ్మాలె. మనుషులకైతె మూడు గూడ చాలయి."

ఆమె ఒక నోటుబుక్కులో అంకెలన్నీ తెలుగులో రాసుకుంది. 'నీళ్ల వేడి చెప్పే ముక్క', 'గాలి కొలిచే ముక్క', అట్లా. ఏ అంకె నిజంగా వచ్చి, రోగం దొరికి, బాగైతే దాని పక్కన కుంకుమ బొట్టు పెట్టేది. మొదటిసారి వెలిగిన దీపానికి కారణం గాలి కొలిచే ముక్క. దాని వైరును ఎలుక కొరికింది. అత్త చెప్పింది, ఖాజా మిస్త్రీ అతికించాడు, దీపం ఆరింది. అప్పటినుంచి ఆయన తన దగ్గరికి వచ్చే అట్లాంటి కార్లను మా వాకిట్లోకి పంపేవాడు. "పోయి కమలక్కకు నాడి చూపియ్యున్రి" అనేవాడు. వాడకట్టులో అది తమాషా అయింది. ఇంట్లో కాలేదు. ఎవరెవరి కార్లలోనో కాళ్ళు బయటేసి పడుకుంటున్నదని బాపు అన్నం ముందు కూర్చుని గొణిగేవాడు. అమ్మ వినీ విననట్టు కూర వడ్డించేది.

అత్త అక్కడితో ఆగలేదు. డ్రైవింగు నేర్పమని బాపును అడిగి అడిగి, చివరికి అవ్వ చేత చెప్పించి, నేర్చుకుంది. మా వీధి చివర చిన్నపిల్లల బడి ఒకటి పెట్టారు. పిల్లలను వ్యానులో తెచ్చి దింపడానికి ఆడమనిషి దొరికితే బాగుండునని అక్కడి పెద్ద టీచరమ్మ అంది. అత్తకు ఆ మాట చాలు. ఆ పని దొరికితే తన కాళ్ళ మీద తాను ఇక్కడే ఉండిపోవచ్చు. ఆ ఇనప సందుగ మళ్ళీ బస్సెక్కదు. అటు నుంచి అప్పటికే రెండుసార్లు పెద్దమనుషులు వచ్చి పంపమని అడిగి పోయారు. బాపు ఒక మాట అన్నాడు. ఎల్లమాస నాడు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టుకుని పొలం దాకా తోలుకుపో, అప్పుడు చూద్దాం. నలుగురి ముందూ అన్నాడు గనక అది మాట కిందికే లెక్క.

మా వైపు ఎల్లమాసంటే పుష్యానికి ముందు వచ్చే అమావాస్య. జొన్న కంకి పాలుపట్టి, కంది పచ్చికాయ మీద, శనగ పులుపు ఆకు మీద ఉంటుంది. ఆ రోజు ఊళ్ళో ఎవరూ ఉండరు. బండ్లు, ఆటోలు కట్టుకుని చేలకు పోతారు. చేలో జొన్నదంట్లతో చిన్న గూడు కట్టి, సున్నం పూసిన ఐదు రాళ్ళు నిలిపి మొక్కి, చేను చుట్టూ తిరిగి గింజలు చల్లి, అక్కడే తింటారు. తినడం కోసమే బతికినట్టు తింటారు. పచ్చి కందులు, అనుములు, చిక్కుళ్ళు, ఉన్న ఆకులన్నీ వేసి వండిన బజ్జి, సజ్జ రొట్టెలు, ఆవిరి మీద ఉడికించిన కడుబులు, వెల్లుల్లి వేసి పులియబెట్టిన జొన్న అంబలి. ముందురోజు నుంచే మా వంటిల్లు పొగతో, నువ్వుల వాసనతో నిండిపోయేది.

ఆ పొద్దున అత్త తలంటు పోసుకుని, తడి జుట్టుతోనే కారు దగ్గరికి వచ్చింది. ఇద్దరం అంకె చూశాం. పన్నెండు. మూడుసార్లూ పన్నెండు. ఆమె నా నెత్తి మీద మొట్టికాయ వేసి, "ఇయ్యాల నీ అత్త డ్రైవరు సాబు" అంది. తరవాత అంబలి కుండ కట్టడానికి లోపలికి పోయింది.

నోటుబుక్కు సీటు మీదే ఉంది. పద్నాలుగు పక్కన బొట్టు లేదు. నీళ్ళ వేడి చెప్పే ముక్క. ఒక్కసారైనా పద్నాలుగు రావాలని నాకు ఎన్నాళ్ళనుంచో ఆశ. ఆ బొట్టు నేను పెట్టాలని. ఆ ముక్క ఎక్కడుంటుందో అత్తే చూపించింది, ఇంజను పక్కన, రబ్బరు గొట్టం మొదట్లో, ఒక క్లిప్పు తగిలించి ఉంటుంది. బానెట్ ఎత్తి క్లిప్పు పీకాను. తాళంచెవి తిప్పితే దీపం వెలిగింది. ఇంకేం, ఎవరినైనా పిన్ను పట్టుకొమ్మనాలి అనుకుంటుండగానే అమ్మ పిలిచింది. తొందరగా క్లిప్పును తోశాను. దాన్ని పట్టి ఉంచే చిన్న ప్లాస్టిక్ పలుకు పుటుక్కున విరిగింది. అయినా క్లిప్పు నిలబడింది, దీపం ఆరింది. బానెట్ మూసేశాను.

ఇంతవరకు అయితే పిల్లతనమే. ఇంతవరకే అయితే నేను ఇది రాసేవాణ్ణి కాను.

మొగుడంపల్లి తోవలో అత్త బాగా తోలింది. బాపు ముందు సీట్లో బిర్రుగా కూర్చున్నాడు. వెనక అమ్మ, అవ్వ, నేను, కాళ్ళ మధ్య గిన్నెలు. వాగు దగ్గర మట్టి రోడ్డు దిగి ఎక్కాలి. అప్పటికి గుంతల్లో కారు బాగా ఎగిరెగిరి పడింది. ఎక్కుడులో ముందు ఎడ్లబండి ఆగితే అత్త నెమ్మదించింది. ఇంజను దగ్గి ఆగిపోయింది. పసుపు దీపం వెలిగి ఉంది. ఆమె తాళంచెవి తిప్పింది, తిప్పింది. ఇంజను తిరుగుతుంది గానీ అంటుకోదు, పచ్చి పెట్రోలు వాసన గుప్పుమంది. బ్రేకు వదిలి పట్టేలోపు కారు జానెడు వెనక్కి జారి, వెనక బండి నొగకు తగిలింది. ఆ బండిలో వాళ్ళ అంబలి కుండ పగిలి మట్టిలో పారింది.

పండగ పూట అంబలి కుండ. ముందూ వెనకా బండ్లు ఆగిపోయాయి. జనం దిగి వచ్చారు. "ఎవలు తోలేది? ఆడామెనా?" "అందుకే మరి!" "ఎడ్లు నయం, బర్రెనైన నడిపియ్యరాదు?" అని నవ్వులు. బాపు దిగి తలుపు దభాలున వేశాడు.

"దిగు. ఇజ్జత్ తీసినవ్ నడి రోడ్డు మీద."

"అన్నా, దీపం వెలిగింది. బండికి ఏదో అయింది. అంకె చూద్దాం, జర ఆగు."

నలుగురు చూస్తుండగా ఆమె పండగ కొత్త చీరతోనే సీటు మీద అడ్డంగా పడుకుని పిన్ను పెట్టింది. మళ్ళీ నవ్వులు. నేను ముందు సీట్లోకి వచ్చి కూర్చుంటే అవ్వ కొంగుముడి విప్పి, చేలో చల్లడానికి తెచ్చిన గింజలు నా ఒళ్ళో మూకుడులో పోసింది. నేను రెండు చేతులూ గొడుగు పట్టాను. దీపం నాకు తప్ప ఎవరికీ కనబడదు.

ఒక మెరుపు. విరామం. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

ఎన్నాళ్ళనుంచో చూడాలనుకున్న పద్నాలుగు. బాపు కారు కిటికీలోంచి చూస్తున్నాడు. ఆయన చెయ్యి ఎట్లా పడుతుందో నాకు తెలుసు. ఒక కందిగింజ మూకుడు అంచున పెట్టాను. దాని పక్కన రెండు జొన్నగింజలు పెట్టాను. మిగిలిన రెండూ ఎడమ పిడికిట్లో మూసుకున్నాను.

"ఏమొచ్చింది అల్లుడా?"

"ఒక కంది, రెండు జొన్నలు."

"పన్నెండా? దీపం వెలుగుతుంటె పన్నెండెట్ల వస్తదిరా? మళ్ల చూడు."

బాపు కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళంచెవి లాగేశాడు. దీపం ఆరిపోయింది.

"ఇంక చూసుడేంది? నీ అంకెనే చెప్తున్నది బండికి ఏం కాలేదని. బండి మంచిగనే ఉన్నది. తోలేటోళ్లే మంచిగ లేరు."

జనం మళ్ళీ నవ్వారు. అత్త స్టీరింగు కింది నుంచి బయటికొచ్చి కూర్చుంది. జుట్టుకు దుమ్ము. ఆమె బాపును చూడలేదు. నన్ను చూసింది. నేను మూకుడులోకి చూశాను. నాకు ఆ క్షణాన ఏమనిపించిందో రాయాలి, లేకపోతే ఇదంతా రాయడం దండగ. భయం పోయి హాయి అనిపించింది. దీపం రెండోసారి కొట్టుకోనందుకు, ఇంకోసారి అబద్ధం ఆడే పని తప్పినందుకు, హాయి.

ఇంజను చల్లారాక కారు కష్టం మీద అంటుకుంది. పొగ కక్కుతూ బాపు చేను దాకా తోలాడు. ఆ రోజు బజ్జి నోట్లో పెట్టుకుంటే మట్టి. రెండు గింజలూ చెమటకు అరచేతికి అంటుకుని ఉన్నాయి. ఆ చేత్తోనే రొట్టె పట్టుకుని, రొట్టెతో పాటు వాటినీ మింగేశాను. అందరూ తిని గట్టు మీద ఒరిగాక, క్లిప్పును గట్టిగా తోసేద్దామని మెల్లగా కారు దగ్గరికి పోయి బానెట్ ఎత్తాను.

క్లిప్పు దాని చోట గట్టిగా ఉంది. పలుకు విరిగిన చోట, కదలకుండా, ఎర్రటి రిబ్బను ముక్కతో మూడు చుట్లు చుట్టి ముడి వేసి ఉంది. పొద్దున అత్త జడలో ఉన్న రిబ్బను.

తిరుగు ప్రయాణంలో కారు వెన్నలాగా పోయింది. పొగ లేదు, దీపం లేదు, అదే వాగు ఎక్కుడు ఒక్క ఊపులో ఎక్కింది. "చూసినవా? గదే బండి, గదే తోవ" అన్నాడు బాపు, స్టీరింగు మీద అరచెయ్యి కొడుతూ. ఆమె బాగుచేసిన బండి ఆమెకే ఎదురు సాక్ష్యం చెప్పింది. అత్త వెనక సీట్లో గిన్నెల మధ్య కూర్చుంది. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టారు.

ఆమె నోరు విప్పితే ఒక్క నిమిషం పని. విప్పలేదు. నన్ను కాపాడిందని చాలా ఏళ్ళు అనుకున్నాను, అట్లా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది కాబట్టి. ఇప్పుడు తెలుస్తోంది, ఆమె నేను చెబుతానని ఎదురుచూసింది. ఆ రాత్రి కాకపోతే మర్నాడు, మర్నాడు కాకపోతే ఆ వారం. నాకు మూడు నెలలు గడువు దొరికింది. వ్యాను పనికి బాపు వద్దన్నాడు. నోటుబుక్కు అటక మీదికి పోయింది. ఖాజా మిస్త్రీ ఎవరినో పంపితే, బాపు "గా పని ఇక్కడ బంద్" అని గేటు దగ్గరే తిప్పి పంపాడు. ఉగాది ముందు పెద్దమనుషులు మూడోసారి వచ్చారు. ఇనప సందుగ బస్సు మీదికెక్కింది. అత్త నా చెంప తట్టి, "లెక్కలు మంచిగ చదువు అల్లుడా" అని బస్సెక్కింది. అప్పుడూ నేను చెప్పలేదు. బస్సు కదిలాక చెరుకు లారీ వస్తే గడ గుంజడానికి పరిగెత్తాను.

ఒకసారి నా భార్యకు పైపైన ఏదో చెబితే, "అప్పుడు నువ్వు చిన్నపిల్లగానివి గద" అంది. ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. పదకొండేళ్ళవాడికి నాలుగు దాకా లెక్కపెట్టడం రాదా? నేను రోజూ బడిలో అంతకంటే చిన్నపిల్లల లెక్కలు దిద్దుతాను, ఒక్క అంకె తప్పితే ఎర్రసిరా పెడతాను. సరే, నా పదకొండేళ్ళకు మాఫీ ఇద్దాం. ఇరవై ఏళ్ళకు? పెళ్ళైనప్పుడు, ఆమె వచ్చి నా నెత్తిన అక్షింతలు వేసినప్పుడు? బాపు బతికున్నన్నాళ్ళూ ఆడవాళ్ళ డ్రైవింగు గురించి ఆ వాగు కథ చెప్పి నవ్వించేవాడు. నేను ఆ పక్కనే కూర్చుని, నవ్వాను కూడా. బాపు మీద నాకు కోపం ఉంది, ఆ రోజు నవ్విన జనం మీద ఉంది, వడ్డిస్తూ విననట్టు ఉన్న అమ్మ మీద ఉంది. కానీ వాళ్ళందరి దగ్గరా ఉన్నది తప్పుడు అంకె. సరైన అంకె నా ఒక్కడి దగ్గరే ఉంది, పిడికిట్లో.

మొన్న ఆదివారం బానెట్ ఎత్తి చూశాను. రిబ్బను ఇన్నేళ్ళ వేడికి నల్లబడి, పీచుపీచై తెగిపోయింది. క్లిప్పు ఊడి వేలాడుతోంది. అంకె చూడకుండానే తెలుసు. అయినా చూడాలనిపించింది. నా భార్య జడపిన్నులు వాడదు, ఎదురింటి ముసలమ్మను అడిగి తెచ్చాను. గింజల కోసం వంటింట్లో వెతికితే గింజ లేదు. కంది ఉంది, కానీ రెండుగా చీల్చి మెరుగుపెట్టిన పప్పు ప్యాకెట్టు. జొన్న ఉంది, పిండి ప్యాకెట్టు. ఇంట్లో మొలిచే గింజ ఒక్కటి కూడా లేదు. అవ్వ గుమ్మిలు ఎప్పుడు పగలగొట్టామో కూడా గుర్తులేదు. పిన్ను మా ఆవిడను పట్టుకొమ్మని, చేతులు గొడుగు పట్టి వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఒకటి. నాలుగు.

ఫోను తీసి అత్తకు చేశాను. ఆమె గొంతులో ఇప్పుడు కన్నడం ఎక్కువైంది, మాట సన్నబడింది. బాగోగులు అడగలేదు నేను. అడిగితే మళ్ళీ దాటేస్తానని భయం.

"అత్తా, ఎల్లమాస నాడు వాగు కాడ వచ్చింది పన్నెండు కాదు. పద్నాలుగు. క్లిప్పు పీకింది నేను. రెండు గింజలు దాచిపెట్టిన."

ఫోనులో వెనకాల ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు.

"నాకెరికే. రిబ్బను కట్టింది నేనే గద."

"మరి ఎందుకు చెప్పలే?"

"చెప్తె ఎవలు ఇంటుండె? నీ మీద కోపం లేదనను. ఉండె. పెద్దగనే ఉండె. కాని నువ్వు ఒక్కపారే చెప్పినవ్ బిడ్డా. మూడుపార్ల చూడాలని అందరికి ఎరికే, మీ బాపుకు ఎరికే, మా అమ్మకు ఎరికే. గంత మందిల ఒక్కలన్న 'ఇంకోపారి చూడున్రి' అనలే. నాకు గది మింగుడు పడలే ఇయ్యాల్టి దాక."

నేను ఏడుస్తున్నానని ఆమెకు తెలిసే ఉంటుంది. ఓదార్చలేదు. ఓదార్చనందుకు ఆమెకు దండం పెట్టాలనిపించింది.

"ఇప్పుడెందుకు యాదికొచ్చింది?"

"దీపం వెలిగింది. అంకె చూసిన. పద్నాలుగు."

"ఎన్నిపార్లు చూసినవ్?"

"ఒక్కసారే."

"ఇంక రెండుపార్లు చూసి ఫోను చెయ్యి," అని ఫోను పెట్టేసింది.

మా ఆవిడ అప్పటికే చేతులు దులుపుకుని పోతుంటే ఆపి, మళ్ళీ పడుకోమని, పిన్ను పట్టుకొమ్మని బతిమాలాను. దీపానికి చేతులు అడ్డం పెట్టాను. ఈసారి రెండు చేతుల వేళ్ళూ చాపే ఉంచాను.